నూకరత్నం చేతి కడియం

డాక్టర్ మృణాళిని కూతురి నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరమేం లేదే, మామూలుగానే ఉంది. లేచి ముఖం కడుక్కో, కాలేజీకి టైమవుతోంది" అంది.

ఆమని లేవలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "నిజంగానే బాగోలేదమ్మా" అంది నీరసంగా.

గడ్డం గీసుకోవడం మధ్యలో ఆపి వచ్చిన కామేశ్, కూతురి మెడకు చెయ్యి ఆనించి చూశాడు. చూసి భార్య వైపు తిరిగాడు. "మృణా, పిల్ల కాలిపోతోంది."

థర్మామీటరు పెడితే నూట మూడు దాటింది.

మాత్ర వేసి, నుదుటి మీద తడిగుడ్డ వేశాక అతను భార్యను వంటింట్లోకి తీసుకెళ్లాడు. ఆమె కుడిచెయ్యి అందుకుని మధ్యవేలి కొన గట్టిగా గిల్లాడు. ఆమె ఆ వేలి వంక చూస్తూ నిలబడిందే తప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మొదట్లో ఆపరేషన్ చేశాక కాసేపు మొద్దుబారేది. తర్వాత తర్వాత పూటంతా ఉండేది. ఈసారి పోయింది పోయినట్టే ఉంది, కామేశ్. ఇంకా తిరిగి రాలేదు."

"మీ ఇంజనీరు త్రినాథ్‌కి చెప్పావా?"

ఆమె చెయ్యి విడిపించుకుని గిన్నెలో నీళ్లు పట్టసాగింది. పక్కగదిలోంచి ఆమని దగ్గు వినిపించింది. తల్లిగా, డాక్టరుగా కూడా ఆ ఉదయం తన చెయ్యి తనకు అబద్ధం చెప్పిందన్న సంగతి మృణాళినికి మింగుడుపడలేదు.

*

మృణాళిని విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో సర్జన్. పెద్దపేగుకు వచ్చే క్యాన్సర్లను తొలగించడం ఆమె పని. ఆమె చదువుకునే రోజుల్లో చాలాచోట్ల ఇంకా పొట్టను బారుగా కోసే ఆపరేషన్లు చేసేవారు. సర్జన్ లోపలికి చెయ్యి పెట్టి, పేగును వేళ్ల మధ్య నలిపి చూసి, గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుసుకునేవాడు. ఆ తర్వాత పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపి చేసే పద్ధతి వచ్చింది. ఆ వెనకే రోబోల మరచేతులు వచ్చాయి. రోగికి నొప్పి తగ్గింది. పదిరోజులు మంచం పట్టేవాళ్లు నాలుగోనాటికి లేచి ఇంటికి వెళ్లిపోతున్నారు. అన్నీ లాభాలే కానీ, సర్జన్ వేళ్లకు మాత్రం పని లేకుండా పోయింది. తెర మీద గులాబీరంగు కండ కనిపిస్తుంది. అందులో ఏది మంచిదో, ఏది లోలోపల గట్టిపడిందో కంటికి తెలియదు. అందుకని గడ్డతో పాటు చుట్టూ మంచి భాగాన్ని కూడా ధారాళంగా కోసెయ్యాలి. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటే ఆ కోతలో అక్కడి బిగింపు కండరం కూడా పోతుంది. ఇక జీవితాంతం పొట్ట పక్కన రంధ్రం, మలం పడటానికి దానికో సంచీ.

పోయిన స్పర్శను తిరిగి తెచ్చినవాడు బెహరా త్రినాథ్. ఆసుపత్రి పరిశోధనశాలలో ఇంజనీరు. అతను తయారుచేసిన సాధనం చూపుడువేలంత లావున, మెత్తగా, సాగుతూ ముడుచుకుంటూ పాకుతుంది. చూసిన నర్సులు వానపాము అన్నారు, ఆ పేరే ఖాయమైంది. ఒంటి మీద ఒక్క కోత కూడా పెట్టకుండా అది సహజ ద్వారం గుండానే లోపలికి వెళుతుంది. తల దగ్గర కెమెరా, సన్నటి కత్తి, సూది ఉంటాయి. అసలు మహిమ దాని చర్మంలో ఉంది. ఆ చర్మానికి తగిలిన ప్రతిదీ సర్జన్ ముంజేతికి తొడుక్కున్న కడియానికి అందుతుంది. కడియం దాన్ని నేరుగా నరానికి చేరవేస్తుంది. మొదటిసారి తొడుక్కున్న రోజున మృణాళిని, మేకపేగులో త్రినాథ్ దాచిపెట్టిన ఆవగింజంత జిగురు ముద్దను కళ్లు మూసుకుని పట్టేసింది. పట్టేసి, కళ్లు తెరవకుండానే పకపకా నవ్వింది.

అప్పటినుంచి కడియంతో చేసిన ఆపరేషన్లన్నీ ఫలించాయి. సంచీ తప్పదనుకున్నవాళ్లు మామూలుగా నడిచి ఇంటికి వెళ్లారు. ఒక్కో ఆపరేషను తర్వాత ఆమె చెయ్యి మరికాస్త మొద్దుబారుతూ వచ్చింది. ఆ సంగతి ఆమె ఒక్కతే తనలో దాచుకుంది.

*

కామేశ్ పట్టుబట్టడంతో ఆ మధ్యాహ్నమే ఆమె త్రినాథ్‌కు చెప్పింది. అతను ఆమె చేతికి తీగలు తగిలించి, తెర మీద గీతలను రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"నరం బాగానే ఉంది మేడమ్. మెదడే వినడం మానేసింది" అన్నాడు చివరికి. "వానపాము చర్మం పంపే కబురు మన వేలికొసలు పంపేదానికంటే ఎన్నో రెట్లు నిశితం. దానికి అలవాటుపడ్డ మెదడుకు ఇప్పుడు మామూలు వేళ్ల మాట వినబడటం లేదు. పెద్ద చప్పుడు విన్నాక చెవికి గుసగుస వినబడనట్టు."

"తిరిగి వస్తుందా?"

"ఒకసారి వాడి ఆపేస్తే వస్తుంది. నేను నా చేతిమీదే పరీక్షించుకున్నాను కదా, కొన్ని వారాల్లో మామూలైపోయింది. మీరు మాత్రం కోలుకోకముందే మళ్లీ మళ్లీ తొడిగారు." అతని గొంతు గట్టిపడింది. "ముందే ఎందుకు చెప్పలేదు మేడమ్? నేను తయారుచేసిన వస్తువు మీ చెయ్యి తినేస్తుంటే నాకు తెలియొద్దా?"

"చెప్పుంటే ఆపించేసేవాడివి."

"ఇప్పుడూ ఆపిస్తున్నాను" అంటూ త్రినాథ్ కడియాన్ని బల్ల మీదనుంచి తీసి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇంక మీరు ఇది తొడగరు."

"వచ్చే నెల పేషెంటు ఉన్నారు, త్రినాథ్. ఆవిడకు మాట ఇచ్చాను. ఎడమ చెయ్యి ఉందిగా."

ఆ మాట ఆమె ఇంట్లో కూడా అంది. కామేశ్ అన్నం కలుపుతున్నవాడల్లా ఆగి, "ఎడమది కూడా ఇచ్చేశాక ఆ తర్వాత పేషెంటుకు ఏమిస్తావు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

*

ఆ పేషెంటు పేరు కోరాడ నూకరత్నం. విజయనగరం పక్క పల్లెలో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పే కోచ్. ఒకప్పుడు జాతీయ పోటీల్లో పతకాలు గెలిచింది. నలభై అయిదేళ్లు దాటినా ఇప్పటికీ శిష్యులకు తనే బార్ ఎత్తి చూపిస్తుంది. పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. అరచేతులు కాయలు కాసి చెక్కలా ఉంటాయి. మలంలో రక్తం పడుతుంటే మొలలనుకుని చాలాకాలం నాటుమందు మింగింది. చివరికి పరీక్ష చేయిస్తే బిగింపు కండరాన్ని ఆనుకుని గడ్డ ఉందని తేలింది. ముందు చూపించుకున్న ఆసుపత్రిలో కండరంతో సహా తీసెయ్యాలనీ, సంచీ తప్పదనీ చెప్పారు. సంచీ ఉన్నవాళ్లు బరువులెత్తితే ఆ రంధ్రం దగ్గర పేగు బయటికి పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. రత్నం ఆపరేషనే వద్దని లేచి వచ్చేసింది.

ఆర్టీసీలో డ్రైవరైన భర్త సింహాచలం, వానపాము సంగతి పేపర్లో చదివి, బతిమాలి ఆమెను విశాఖ తీసుకొచ్చాడు.

ఇప్పుడు ఆ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మృణాళిని జరిగినదంతా చెప్పింది. తన చెయ్యి సంగతి కూడా దాచలేదు. త్రినాథ్ పక్కనే నిలబడ్డాడు.

"సంచీతో బతకడం నామోషీ కాదు రత్నం గారూ. నా పేషెంట్లు చాలామంది ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లకు వెళుతున్నారు, ఈత కొడుతున్నారు. ఆ ఆపరేషన్ నేనే చేస్తాను. ఆలస్యం చెయ్యకండి."

"ఈత కొడతారు. బరువులెత్తుతారేటి?" అంది రత్నం.

మృణాళిని నిజమే చెప్పింది. "మీరెత్తే బరువులు కుదరవు."

సింహాచలం ముందుకు వంగాడు. "ఇంకో డాక్టరెవరూ లేరేటండీ, ఆ కడియం తొడుక్కోడానికి?"

"ఉన్నారు" అన్నాడు త్రినాథ్. "కానీ అది ఒక పూటలో వచ్చే విద్య కాదండి. కత్తి నడుపుతూ, కబురు అందుకుంటూ నెలల తరబడి తొడిగి సాధన చెయ్యాలి. అది పూర్తయ్యేసరికి ఆ డాక్టరు చెయ్యి కూడా మేడమ్ చెయ్యిలాగే అవుతుంది. ఒక్కో పేషెంటుకు ఒక్కో సర్జన్‌ను పోగొట్టుకోలేం కదా."

రత్నం తన అరచేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. అరచేతుల్ని తిప్పి, మళ్లీ తిప్పి చూసింది.

"కత్తి నడిపింది ఒకలూ, కబురు అందుకున్నది ఒకలూ అయితే?"

"అంటే?" అంది మృణాళిని.

"మీరు కత్తి నడపండి. ఆ కడియం నా చేతికి తొడగండి. పేగు నాది కదేటి? ఎక్కడ గట్టిగున్నాదో నేను సెప్తాను."

మృణాళిని, త్రినాథ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నడుం కింద మొద్దుబారేలా ఇంజక్షన్ ఇచ్చి చెయ్యొచ్చు" అన్నాడు త్రినాథ్ మెల్లగా, తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు. "నొప్పి తెలీదు. మెలకువగా ఉంటారు. చేతి నరం మాత్రం పనిచేస్తుంది. మేడమ్, ఒక్కో పేషెంటు ఒక్కసారే తొడుగుతారు. ఒక్కసారికైతే స్పర్శ తిరిగి వస్తుంది!"

"మీకు భయమేస్తుంది రత్నం గారూ" అంది మృణాళిని. "మీ లోపలున్న గడ్డను మీరే తడమాలి. తట్టుకోగలరా?"

"కనపడకుండా లోపల కూకుని నన్ను తింటన్నాది. అది ఎదురుపడితే నాకు భయమెందుకు, దానికే ఉండాల."

సింహాచలం భార్య ముంజేతిని పట్టుకున్నాడు. "ఈ సేతుల్తో ఏటి తెలుత్తాది మేడమ్? ఇవి సేతులా, గునపాలా?"

"చర్మంతో పని లేదండీ" అని త్రినాథ్ నవ్వాడు. "నరంతోనే పని."

*

ఆసుపత్రి నిపుణుల సంఘం ఒప్పుకోవడానికి చాలా వాదన జరిగింది. రోగిని ఆపరేషన్లో భాగస్వామిని చెయ్యడం ఎక్కడా లేదని ఒకరు, రోగి మధ్యలో బెదిరిపోతే ఏం చేస్తారని ఇంకొకరు అన్నారు. మృణాళిని తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, ఇది ఇలా ఎలా అయిందో మొదటినుంచీ వివరించింది. చివరికి రత్నాన్ని పిలిచి ఆమెనే అడిగారు. ఆమె బయటికి వచ్చేసరికి అనుమతి దొరికింది. మధ్యలో ఏ తేడా వచ్చినా మృణాళిని కడియాన్ని పక్కనపెట్టి, మామూలు పద్ధతిలో కండరంతో సహా తీసేసి ప్రాణం కాపాడాలన్నది షరతు. ఆ షరతు కాగితం మీద రత్నం సంతకం చేసింది.

సాధన మొదలైంది. రోజుకు కాసేపే, చెయ్యి మొద్దుబారకుండా కబురు జోరు బాగా తగ్గించి, కడియం ఆమె చేతికి తొడిగేవారు. త్రినాథ్ మేకపేగులో ఎక్కడో జిగురు ముద్ద అతికించేవాడు. వానపాము దాని మీదుగా పాకేది. రత్నం కళ్లు మూసుకుని చెప్పాలి.

మొదటిరోజున ఏమీ తెలియలేదు. రెండోరోజున అంతా గట్టిగానే ఉందనిపించింది. విసుగొచ్చి కడియం ఊడబెరకబోయింది. "నా పిల్లలు ఇలాగ సేస్తే గ్రౌండు సుట్టూ పరిగెత్తించేదాన్ని" అని తనను తానే తిట్టుకుని మళ్లీ కూర్చుంది. బరువు ఎత్తేముందు పీల్చినట్టు గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, ఒళ్లంతా ఆ ఒక్క చోటికి తెచ్చుకుంది. ఆ క్షణంలో తగిలింది. మెత్తటి పేగు గోడలో చిన్న గరుకు.

"రాయి!" అని అరిచింది.

త్రినాథ్ వానపామును కాస్త పక్కకు జరిపాడు.

"వెన్న."

మళ్లీ వెనక్కి.

"రాయి. అక్కడే ఉన్నాది. పెసరగింజంత."

అప్పటినుంచి ఆ రెండు మాటలే వాళ్ల భాష అయ్యాయి. గట్టిగా తగిలితే రాయి, మెత్తగా తగిలితే వెన్న. త్రినాథ్ ముద్దను చిన్నది చేస్తూ పోయాడు. చివరికి ముద్దే లేని పేగు పెట్టి మోసం చెయ్యబోయాడు. "ఇందులో ఏటీ లేదు. నన్ను ఎర్రిదాన్ని సేద్దామనే?" అంది ఆమె. అద్దం అవతల నిలబడి చూస్తున్న మృణాళిని చాలారోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

*

ఆపరేషన్ రోజు పొద్దున రత్నం శిష్యురాళ్లు విజయనగరం నుంచి వ్యాన్‌లో దిగారు. సెక్యూరిటీ లోపలికి రానివ్వకపోతే గేటు బయటే వరసగా నిలబడ్డారు. స్ట్రెచర్ మీద వెళుతూ ఆమె కిటికీలోంచి వాళ్లను చూసి, "ప్రాక్టీసు మానేసి వచ్చీసారేటి?" అని కసిరింది. సింహాచలం థియేటర్ తలుపు దాకా నడిచాడు. ఆమె కాలి బొటనవేలు ఒకసారి నొక్కి వదిలాడు.

నడుంలో మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కట్టారు. కుడిచేతికి కడియం తొడిగారు. మృణాళిని తెర ముందు కూర్చుంది. మీటలు ఎడమచేత్తోనే నడిపేలా త్రినాథ్ అమర్చి ఇచ్చాడు. కత్తి కాలి కింద పెడల్‌తో కదులుతుంది. ఈ పనికి ఆమెకు చూపు ఉంటే చాలు.

"మొదలుపెడుతున్నాను రత్నం గారూ. కబురు ఈసారి పూర్తి జోరుగా వస్తుంది."

వానపాము లోపలికి పాకింది. రత్నం నోరు కాస్త తెరుచుకుంది.

"ఏమనిపిస్తోంది?"

"మెత్తగా ఉన్నాది మేడమ్. తడిగా, ఎచ్చగా. కదుల్తన్నాది కూడా." ఆమె గొంతు మారింది. "ఇదంతా నేనేనేటి?"

"మీరే."

"ఇంత మెత్తగా ఉంటానని నాకు తెలీదు."

వానపాము ఇంకాస్త జరిగింది. రత్నం ఊపిరి ఆగిపోయింది. గుండె కొట్టుకునే వేగం యంత్రం మీద ఒక్కసారిగా పెరిగింది. మత్తు డాక్టరు తలెత్తి చూశాడు.

"రాయి" అంది ఆమె. "పచ్చి జామకాయలాగ. బండగా ఉన్నాది. ఇదేనేటి మేడమ్?"

"ఇదే. ఆపమంటారా? కాసేపు ఆగుదామా?"

రత్నం కళ్ల చివర్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నర్సు తుడవబోతే తల అడ్డంగా తిప్పింది. కొద్దిసేపు ఆ గడ్డను అలాగే తడుముతూ ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె ఊపిరి కుదురుకుంది. యంత్రం మీద అంకె కిందికి దిగింది.

"ఇది నాది కాదు. తీసీండి" అంది.

వానపాము గడ్డ చుట్టూ అంచు వెంట పాకసాగింది. రాయి, రాయి, వెన్న. రాయి, వెన్న. ఆమె చెబుతుంటే మృణాళిని పెడల్ నొక్కుతూ, వెన్న అన్నచోట కత్తి నడుపుతూ వచ్చింది. పై భాగం, రెండు పక్కలు పూర్తయ్యాయి. మిగిలింది కింది అంచు, బిగింపు కండరం వైపు.

"రాయి" అంది రత్నం.

తెర మీద అక్కడ నున్నటి గులాబీరంగు కండే ఉంది. మృణాళిని స్కాన్ తెప్పించి పక్కనే పెట్టించింది. దానిలోనూ ఏమీ లేదు.

"మేడమ్, అక్కడ ఏమీ లేదు" అన్నాడు త్రినాథ్ లోగొంతుతో. "అలిసిపోయారేమో."

అటువైపు కోస్తే కండరం పోవచ్చు. కొయ్యకపోతే, ఆమె చెప్పింది నిజమే అయితే, వ్యాధి లోపలే మిగులుతుంది. మృణాళిని ఏమీ చెప్పకుండా వానపామును పైకి, మంచి కండ మీదికి తీసుకెళ్లింది.

"వెన్న."

ఎడమకు తిప్పింది.

"వెన్నే."

చడీచప్పుడు లేకుండా మళ్లీ కిందికి దించింది.

"రాయి. ఇందాకటి సోటికే వచ్చీసారు కదా మేడమ్? సన్నగా ఉన్నాది, దారంలాగ. కిందకి పోతన్నాది."

"త్రినాథ్, దాని వెంటే వెళదాం" అంది మృణాళిని.

వానపాము ఒక్కో వెంట్రుకవాసి జరిగింది. రాయి, రాయి. కండరం అంచు తెర మీదికి వచ్చింది. రాయి. మృణాళిని కాలు పెడల్ మీద బిగుసుకుంది. ఇంకొక్క జానెడు దూరం కాదు, బియ్యపుగింజంత దూరం వెళితే, ఒప్పుకున్న షరతు ప్రకారం కండరాన్ని తీసెయ్యాల్సిందే.

"ఆగండి" అంది రత్నం. గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టింది. మెడనరాలు ఉబ్బాయి. "మళ్లీ జరపండి. ఇంకొంచెం. వెన్న."

"నిజంగానా?"

"వెన్నే మేడమ్. అయిపోనాది దారం. ఇక్కడితో తెగిపోనాది. ఇకనించి కిందంతా నేనే."

మృణాళిని ఆ అంచునే కత్తి నడిపింది. కండరం చెక్కుచెదరలేదు. వానపాము గడ్డనూ, దాని తోకలా వేలాడే ఆ సన్నటి పోగునూ తన సంచిలో మూటగట్టుకుని, వెళ్లిన దారినే బయటికి తెచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లి కుట్లు వేసింది. ఒంటి మీద ఒక్క గాటు లేదు.

గడ్డను అక్కడికక్కడే పరీక్షకు పంపారు. ఫోన్ మోగేదాకా మృణాళిని కుర్చీలోంచి లేవలేదు. స్పీకర్లోంచి పరీక్షశాల డాక్టరు గొంతు వచ్చింది.

"అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి మేడమ్. కింద ఒక సన్నటి పోగు ఉంది చూశారా, దాని పొడవునా క్యాన్సర్ కణాలున్నాయి. స్కాన్‌లో కనపడేంత మందం కూడా లేదు. మీకెలా తెలిసింది?"

"నాకు తెలియలేదు" అంది మృణాళిని. "పేషెంటు చెప్పారు."

కాసేపటికి, సింహాచలం వెళ్లి చెప్పాక, బయట గేటు దగ్గర ఆడపిల్లల కేకలు మూడో అంతస్తులోని థియేటర్ దాకా వినిపించాయి.

*

రత్నం కుడిచెయ్యి మొద్దుబారింది. త్రినాథ్ ముందే చెప్పినా, చేతిలోని స్టీలు గ్లాసు తెలియకుండా జారి కిందపడినప్పుడు ఆమె ముఖం వాడిపోయింది. సింహాచలం ముద్దలు కలిపి తినిపిస్తే, "బరువులెత్తే దాన్ని, ముద్ద ఎత్తలేకపోతన్నాను" అని వాపోయింది. చెయ్యి కోలుకునేదాకా ఆమెను ఆసుపత్రిలోనే ఉంచారు. ఒక వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. త్రినాథ్ ప్రతి పొద్దునా వచ్చి సూదిమొనతో పరీక్షించి, కాగితం మీద రాసుకుని వెళ్లిపోయేవాడు. రాత్రిళ్లు అతనికి నిద్రపట్టడం లేదని అతని కళ్లే చెప్పేవి.

ఒకరోజు సింహాచలం ఆమె తల దువ్వి, జడ అల్లడం చేతకాక చిక్కులు చేస్తున్నాడు. ఆమె విసుగ్గా వెనక్కి చెయ్యి పెట్టి వెంట్రుకలు లాక్కుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సింహాచలం" అని పేరు పెట్టి పిలిచింది, పెళ్లయ్యాక మొదటిసారి. "నూనె జిడ్డు తెలుస్తన్నాది."

అతను దువ్వెన పారేసి వరండాలోకి పరిగెత్తి, కనపడిన ప్రతి నర్సుకూ ఆ మాటే చెప్పాడు.

మృణాళిని చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. వస్తుందన్న ఆశ లేదని త్రినాథ్ చెప్పినప్పుడు ఆమె తల ఊపి ఊరుకుంది. ఇంట్లో ఆమని చెయ్యి పట్టుకున్నా, కామేశ్ భుజం మీద చెయ్యి వేసినా ఇప్పుడు ఎడమచెయ్యే వేస్తుంది. కూరలో ఉప్పు పట్టి వెయ్యాలన్నా, చీర కుచ్చిళ్లు పెట్టుకోవాలన్నా ఎడమచేతికి కొత్తగా నేర్పుకుంది. ఒక్కోసారి కుడి అరచేతిని ముఖానికి ఆనించుకుని చూసుకుంటుంది. ముఖానికి చెయ్యి తెలుస్తుంది, చేతికి ముఖం తెలియదు. అది కామేశ్ ఒకసారి చూశాడు. దగ్గరికి వచ్చి ఆ చేతినే తన రెండు చేతుల్లోకి తీసుకుని పక్కన కూర్చున్నాడు.

అయినా ఆమె ఆపరేషన్లు ఆగలేదు. కబురు అందుకోవడం రోగి వంతు, కత్తి నడపడం ఆమె వంతు అయ్యాక, వేరే ఊళ్లనుంచి సర్జన్లు వచ్చి ఆమె పక్కన కూర్చుని నేర్చుకుని వెళ్లడం మొదలైంది. ఎవరి చెయ్యీ పోవలసిన అవసరం లేకుండా పోయింది.

ఏడాది తర్వాత చేసిన పరీక్షల్లో రత్నం ఒంట్లో వ్యాధి జాడ లేదు. ఆ నెలలోనే జిల్లా పోటీల ముందు శిష్యురాళ్లకు బార్ ఎత్తి చూపించింది. మొదట ఉత్త కడ్డీ ఎత్తింది, ఆ తర్వాత దానికి చిన్న చిన్న బరువు పళ్లేలు తగిలించింది, ఆ తర్వాత సింహాచలం కళ్లు మూసుకునేంత బరువు ఎత్తింది. ఆమె పట్టు సడలలేదు, పొట్టలో ఏ నొప్పీ రాలేదు. బార్ నేలకు దించి, చేతులు దులుపుకుని, "సూసారా? ఇప్పుడు మీరు" అంది.

అయితే వారానికి రెండు రోజులు ఆమె విజయనగరంలో ఉండదు. బస్సెక్కి విశాఖ వచ్చేస్తుంది.

ఆసుపత్రి రెండో అంతస్తులో సాధన గది ఉంది. మృణాళిని ఆ పొద్దున తలుపు తోసేసరికి లోపల అయిదారుగురు కడియాలు తొడుక్కుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన టీచరమ్మ, పాడేరు నుంచి వచ్చిన కాఫీ రైతు, ఇంకెవరో. రత్నం మెడలో ఈలతో వాళ్ల మధ్య తిరుగుతోంది. చివరి కుర్చీలో దాలినాయుడు అనే రిటైరైన స్టేషన్ మాస్టరు చెమటలు కక్కుతున్నాడు. ఆ రోజు ఆపరేషన్ ఆయనకే.

"నా వల్ల కాదమ్మా" అంటున్నాడాయన. "చెయ్యి వణుకుతోంది. లోపలున్న ఆ గడ్డను తాకలేను."

"వణకనీండి బావూ. పోటీకి ముందు నా కాళ్లు కూడా వణికేవి" అంటూ రత్నం ఆయన ఎదుట కింద కూర్చుంది. "మీరు ఎన్ని రైళ్లకు జెండా ఊపారు? ఏ రైలు ఆపాలో, ఏది వొదలాలో మీకు ఒకలు సెప్పాలేటి? గాలి పీల్చండి. బిగబట్టండి. ఇప్పుడు సెప్పండి."

దాలినాయుడు కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు కదిలాయి. ఆయన ముఖంలోకి నెమ్మదిగా ఒక ఆశ్చర్యం పాకింది, ఆ వెనకే నవ్వు.

"తెలుస్తోంది" అన్నాడు. "తెలుస్తోందమ్మా!"

రత్నం లేచి నిలబడి మృణాళిని వైపు తిరిగింది.

"ఈయన రెడీ మేడమ్. తీసుకెళ్లండి."